మధ్యగడి

కరెంటు పోయిన మూడో గంటకి బాయిలరు చల్లారింది.
కాశీబుగ్గ వైపు వాన ఇంకా తగ్గలేదు.
"బేగి వచ్చేత్తాను" అని మేస్త్రి
గొడుగేసుకుని టీకి పోయాడు.
ఆయన బేగి ఎంత పొడవో మాకు తెలుసు.

తూకం పుస్తకం రాసేది నేను, పెన్ను నా దగ్గరే ఉంటుంది.
పప్పు అట్టపెట్టె ఒకటి చింపి
పన్నెండు ముక్కలు చేశాను.
అడ్డం ఐదు, నిలువు ఐదు.
స్కేలు లేక చేట అంచు ఆనించి గీస్తే
గీతలు కూడా చేటలాగే కొంచెం వంగాయి.

"హౌసీయేటి? తొంభై అంకెలు ఎవులు గుర్తెడతారే?"
ఢిల్లేశ్వరి మూతి తిప్పింది.
ఆ అంకెలెందుకు, మనవి మనకున్నాయి కదా అన్నాను.
నూట ఎనభై, రెండొందల పది, మూడొందల ఇరవై,
బద్ద, గుండ.
ఒక వరుస నిండిపోయింది.
మిగతావి ఎవరికేం కావాలో వాళ్ళే చెప్పాలి.
ఏ రెండు అట్టలూ ఒకలా ఉండకూడదు, అదొక్కటే రూలు.

హేమగిరికి రైళ్ళు కావాలట.
గేటు పక్కనే ఇల్లు,
కూత వింటే పేరు చెబుతుంది, ఎన్ని నిమిషాలు లేటో కూడా.
కుంతల రాయించినవన్నీ మేస్త్రి మాటలే:
"పొట్టు మిగిలిపోనాది", "ఇదేటి తూకం", "రేపు చూద్దాం".
రేపు చూద్దాం మాత్రం రెండు గడుల్లో రాయమంది,
ఒకటైతే చాలదట.
తిత్లీ గాలికి పడిపోయిన జీడిచెట్లు
ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ చెప్పింది తులసమ్మ.
అన్ని చెట్లు ఏ గడిలో పడతాయి?
ఒక మోడు బొమ్మ గీసి ఊరుకున్నాను.

పెట్టుకోడానికి చింతపిక్కలు.
జీడి తొక్కలు పెడదాం అంది మొన్న చేరిన గుంట, నీలిమ.
ఎవరూ ఏమీ అనలేదు.
దాని చేతులింకా కాలలేదు.

దాలమ్మ ముప్పై ఏళ్ళుగా కోత బల్ల దగ్గర ఉంది.
అట్ట తిప్పి తిప్పి చూసింది.
"ఈ నడిమి గడి ఒగ్గేసినావేటే?"
అది ఉత్తినే అప్పా, ఎవరూ పిలవక్కర్లేదు,
ముందే పిక్క పెట్టేసుకోవచ్చు.
"ఉత్తినే ఇచ్చిందానికి ఎనక కోత ఉంటాదే" అని
నా స్టాంపు ప్యాడు లాక్కుని
బొటనవేలు అద్ది, ఆ గడిలో నొక్కింది.

నేరేడుపండు మచ్చలా పడింది.
ఒక్క గీత లేదు.
జీడినూనె ఎప్పుడో తినేసింది వాటిని.
"నాను దాలమ్మని కాదంటాది రేషను మిషను, నెలనెలా.
నీ అట్ట ఏటంటాదో సూద్దారి."

ఇక అందరూ వరసగా నొక్కారు.
ఏ రెండూ ఒకలా ఉండకూడదన్న రూలు అక్కడ చెడింది.
పదకొండు మచ్చలు, పదకొండూ ఒకటే.
నీలిమది మాత్రం
నత్త గుల్ల సుడిలా, సన్నసన్నని గీతలతో వచ్చింది.
దాన్నే వంగి వంగి చూశారు,
చంటిపిల్లని చూడ్డానికొచ్చినట్టు.

టీపొడి డబ్బాలో చీటీలు కలిపి
నాలుగో ఐదో పిలిచానో లేదో
పలాస స్టేషను వైపు నుంచి పెద్ద కూత.
హేమగిరి టక్కున పిక్క పెట్టేసింది.
"తొండి! చీటీ రానేదు!"
"రైలే వచ్చింది కదే, ఇంకా చీటీ ఏటి?"
ఆ గొడవ తేలకముందే కరెంటొచ్చింది,
దాని వెనకే మేస్త్రి.

గొడుగు దులుపుతూ చేటలోకి తొంగిచూసి
"పొట్టు మిగిలిపోనాది" అన్నాడు.
కుంతల చప్పుడు లేకుండా ఒక పిక్క.
బుట్ట ఎత్తి
"ఇదేటి తూకం" అన్నాడు.
ఇంకొక పిక్క.
నవ్వు ఆపుకోలేక తులసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు నీలిమ, ఎవరూ చెప్పకుండానే, లేచి అడిగింది:
"చేతి తొడుగులు ఎప్పుడిత్తారు బావూ?"

రేకుల మీద వాన చప్పుడు.
ఆయన మొదట నీలిమని చూశాడు,
తర్వాత మా అందరినీ.
"రేపు చూద్దాం."

ఇంకొక్కసారి అంటే చాలు.
పిక్క పట్టుకుని
కుంతల ఆయన నోటికేసే చూస్తోంది.